పేనుబంకకు పుట్టిల్లు ఏది?

పెరట్లో చిక్కుడుపాదు పెంచే ఇల్లాలికి పేనుబంకను ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. మార్గశిరం చలి ముదిరేసరికి లేత కొసల నిండా ఆవాలు అద్దినట్టు నల్లగా కనిపిస్తుంది. వేలితో తాకితే జిగురు. పాదు కింద గచ్చుంటే దానిమీదా జిగురే. ఆ జిగురు కోసం చీమలు బారులు తీరి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఊళ్ళల్లో దీన్ని "పేను పట్టింది" అంటారు. ఇంత బూడిద చల్లి, మరీ ముదిరితే సబ్బునీళ్ళు కొట్టి, నాలుగు కాయలు దక్కితే చాలనుకుని ఆ సంగతి మరిచిపోతాం.

అంత చిన్న ప్రాణికి చరిత్ర ఏముంటుందని అనుకోకండి. గార్లకు పొరుగునే బయ్యారం పెద్దచెరువు ఉంది. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అది. చెరువు దగ్గర ఆమె వేయించిన శాసనంలో కాకతీయుల వంశక్రమం చెక్కించింది కాబట్టే వారి తొలి తరాల పేర్లు ఈనాడు మనకు తెలుస్తున్నాయి. చెక్కించింది ఆడపడుచే అయినా అందులోని వరస మాత్రం తండ్రి, కొడుకు, మనవడు అనే సాగుతుంది. పేనుబంక వంశానికి ఎవరైనా శాసనం చెక్కితే అందులో తల్లి, కూతురు, మనవరాలు తప్ప వేరే పేరు కనిపించదు. మన పెరట్లో ఉండేవి ఇంచుమించు అన్నీ ఆడవే. మొగవాడి ప్రసక్తి లేకుండా కంటాయి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆ పిల్ల పుట్టేనాటికే దాని కడుపులో మరో పిల్ల రూపు కడుతూ ఉంటుంది. అంటే అమ్మమ్మ ఒంట్లోనే అమ్మా, మనవరాలూ ఇద్దరూ ఉన్నారన్నమాట. వారం పది రోజుల్లో ఆ పిల్లే తల్లవుతుంది. పొద్దున చూసిన కొమ్మ నాలుగు రోజుల్లో నల్లబడిందంటే ఆశ్చర్యం దేనికి?

ఈ వింతను మొదట కనిపెట్టింది హాలెండులో డెల్ఫ్ట్ పట్నపు బట్టల వ్యాపారి లేవెన్‌హుక్. తాను చేసుకున్న భూతద్దాల కింద 1695లో పేనుబంకలను కోసి చూశాడు. గుడ్ల కోసం వెతికితే, కళ్ళూ కాళ్ళూ ఏర్పడిన పిల్లలు కనిపించాయి. మొగది ఒక్కటీ కనిపించలేదు. తరవాత 1740లో జెనీవాలో ఇరవై ఏళ్ళ చార్లెస్ బోనే అనే కుర్రాడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. అప్పుడే పుట్టిన ఒక్క పిల్లను పట్టి, గాజుబుడ్డి కింద ఒక రెమ్మ మీద ఉంచి, రోజల్లా దాన్ని కాపలా కాశాడు. మన ఇళ్ళల్లో ఈడొచ్చిన ఆడపిల్లను కూడా ఎవరూ అంత కాపలా కాసి ఉండరు! ఇంకో పురుగు మొహం చూడకుండానే అది 95 మంది పిల్లల్ని కన్నది. యూరప్ పండితులు ముక్కున వేలేసుకున్నారు. మొగవాడు లేకుండా సంతానమన్నది పురాణాల్లో తప్ప ఎక్కడుంది అనుకున్నవాళ్ళకు ఒక చిన్న రెమ్మమీదే జవాబు దొరికింది.

ఇక వీటి ఇంటిపేర్ల సంగతి. మనకు ఊరిపేరు ఇంటిపేరయినట్టు వీటికి చెట్టుపేరే ఇంటిపేరు. 1758లో స్వీడను పండితుడు లిన్నేయస్ ప్రాణులన్నిటికీ రెండేసి పేర్లు పెట్టినప్పుడు, పేనుబంకలను ఏ చెట్టుమీద చూస్తే ఆ చెట్టు పేరుతోనే పిలిచాడు. గులాబిది ఒకటి, క్యాబేజీది ఒకటి, పైన్ చెట్టుది ఒకటి. ఊరికే తోచక పెట్టినవి కావవి. పేనుబంకల్లో చాలా మటుకు ఒకే చెట్టునో, దాని దగ్గరి చుట్టాలనో నమ్ముకుని బతికేవే. పత్తి, బెండ, వంగ, దోస అన్నిటిమీదా వాలే పత్తి పేనుబంక లాంటి తిండిపోతులు తక్కువ. మనకు కనిపించేవి ఎక్కువగా ఆ తిండిపోతులే గనక పేనుబంకంటే ఏదైనా తింటుందనుకుంటాం. చిక్కుడు, అలసంద, వేరుశనగల మీది నల్లపేను ఒక జాతి, మిరప, పొగాకుల మీది పచ్చపేను ఇంకొకటి, జిల్లేడు, గన్నేరుల మీది పసుపుపచ్చది మరొకటి. ప్రపంచం మొత్తంమీద దాదాపు 5,000 జాతులు లెక్కకు వచ్చాయి.

ఇందులో పెద్దింటివని చెప్పుకోదగ్గవి కోనిఫర్ చెట్లమీద ఉన్నాయి. కోనిఫరంటే పువ్వు పూయకుండా, డొప్పలు డొప్పలుగా ఉండే శంకుకాయల్లో గింజ పెట్టే చెట్టు. పైను, దేవదారు, ఫర్, స్ప్రూస్, సైప్రస్, ఇవన్నీ ఆ కులానివి. ఆకులు సూదుల్లాగానో పొలుసుల్లాగానో ఉంటాయి. మన తీరంలో పెంచే సరుగుడు కూడా సూదులాకుల చెట్టే కదా అంటారేమో. చూడ్డానికి అలాగే ఉంటుంది గాని అది పువ్వు పూసే చెట్టు, పైనుకు ఏమీ కాదు. మన కొండల్లో దేవదారి అని ఒక పొద ఉంది, అదీ పేరుకే. అసలు దేవదారు హిమాలయాలది. రఘువంశంలో పార్వతీదేవి కొడుకులా నీళ్ళు పోసి పెంచుకున్న చెట్టు, ఏనుగు ఒళ్ళు రుద్ది బెరడు ఊడగొడితే కాపలాకు శివుడు సింహాన్ని పెట్టిన చెట్టు, ఆ దేవదారే. వింధ్యకు దక్షిణాన తనంతట తాను పెరిగే కోనిఫర్ ఒక్కటే ఉంది. అదీ పడమటి కనుమల తడి అడవుల్లో. తెలుగునేల మీద ఒక్కటీ లేదు. అరకు వైపు కనిపించే పైను తోటలు మనుషులు తెచ్చి నాటినవి.

లేదని ఇప్పుడంటున్నాం గాని ఒకప్పటి మాట వేరు. గార్లలో రైలెక్కితే పక్క స్టేషను డోర్నకల్లు. అక్కడినుంచి ఒక లైను ఇల్లందు వైపు చీలుతుంది. అది మనుషుల కోసం వేసిన లైను కాదు, బొగ్గు కోసం వేసినది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కు వచ్చింది. 1920లో ఆ దగ్గరి పల్లె పేరుతోనే సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. మన అమ్మమ్మలు కుంపటిలో వేసుకున్న ఆ బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. అప్పట్లో ఈ నేల ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి ఒకటే ఖండం. గోండుల దేశం పేరుమీద దాన్ని గోండ్వానా అన్నారు. పువ్వన్నది లోకంలో ఇంకా పుట్టలేదు. నాలుక లాంటి ఆకుల గ్లోసోప్టెరిస్ చెట్లు ఆ చిత్తడిలో ఎక్కువ. కోనిఫర్ల తొలి తరాలు అప్పటికే వచ్చాయి. తరవాత డైనోసార్ల కాలం నాటికి కోనిఫర్లదే రాజ్యమయింది. గోదావరి, ప్రాణహిత లోయలోని కోట శిలల్లో ఆ చెట్ల పుప్పొడి ఇప్పటికీ దొరుకుతుంది. ఆ తరవాత పూలచెట్లు వచ్చాయి, నేల వేడెక్కింది, ఖండం విడిపోయి ఉత్తరానికి నడిచింది, దక్కనులో కోనిఫర్ల పని అయిపోయింది.

పేనుబంక వంశం కూడా ఆ పూర్వకాలపుదే. పువ్వులు రాకముందే, డైనోసార్ల తొలి రోజుల్లోనే అది ఉంది. ఎక్కువమంది శాస్త్రజ్ఞులు దాని పుట్టుక ఉత్తరార్ధగోళంలో అంటారు. ఆ కాలంలో దానికి దొరికిన అన్నం పువ్వు లేని చెట్లదే. బాల్టిక్ సముద్రతీరాన దొరికే అంబరు పూసల్ని మీలో కొందరు చూసే ఉంటారు. అది రాయి కాదు. 4 కోట్ల ఏళ్ళ కిందటి కోనిఫర్ల బంక గట్టిపడి అలా అయింది. పగలగొట్టి చూస్తే ఆ బంకలో చిక్కుకుని ప్రాణం వదిలిన పేనుబంకలు బోలెడన్ని, మీసాలతో సహా చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. పురుగును మెళ్ళో వేసుకుంటున్నామని తెలిస్తే ఎంతమంది ఆ హారం కొంటారో!

పూలచెట్లు ప్రబలినాక చాలా పేనుబంకలు వాటికి కాపురం మార్చాయి. మన చిక్కుడు పేను ఆ మారినవాళ్ళ సంతానమే. కోనిఫర్లను పట్టుకున్నవీ తక్కువేం కావు. సినారా అనే ఒక్క తెగలోనే 200 పైచిలుకు జాతులున్నాయి. పేనుబంకల్లో అవి బాగా పెద్దవి, ముదురు గోధుమరంగులో పొడవాటి కాళ్ళతో ఉంటాయి. హిమాలయాల్లో దేవదారుకు ఒకటి, పైన్లకు కొన్ని ఉన్నాయి. జర్మనీలో ఫర్ చెట్టు మీది సినారా కారే జిగురును తేనెటీగలు పోగుచేస్తే నల్లటి అడవితేనె అవుతుంది. దాన్ని పూలతేనె కంటే ప్రియంగా అమ్ముతారు. జిగురెందుకు కారుతుందంటారా? చెట్టురసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. కావలసినంత సారం కోసం రసం కుండలకొద్దీ తాగాలి, మిగిలిన చక్కెర బయటికి పొయ్యాలి. లోపించిన సారాన్ని వండిపెట్టడానికి దాని ఒంట్లోనే ఒక సూక్ష్మజీవి కాపురముంటుంది. దాని పేరు బుక్నేరా. కోట్ల ఏళ్ళుగా తల్లి ఒంట్లోనుంచి బిడ్డ ఒంట్లోకి పుట్టకముందే చేరుతూ వస్తోంది. అత్తగారు కోడలికి ఇచ్చే పచ్చళ్ళ జాడీ లాగా తరతరాల ఆస్తి అనుకోండి.

అసలు కథ అడెల్జిడ్లు అనే దాయాదులది. ఇవి కోనిఫర్లు తప్ప మరోటి ముట్టవు. వీటికి పుట్టిల్లు, మెట్టినిల్లు అని రెండు ఉంటాయి. పుట్టిల్లు ఎప్పుడూ స్ప్రూస్ చెట్టే. దాని చిగుళ్ళ మీద చిన్న అనాసపండు లాంటి బొడిపెలు కట్టించి వాటిలో పెరుగుతాయి. రెక్కలు రాగానే మెట్టినింటికి ఎగిరిపోతాయి. అది ఒకదానికి ఫర్, ఒకదానికి లార్చ్, ఒకదానికి పైను, ఒకదానికి హెంలాక్. అక్కడ కొన్ని తరాలు గడిపి, మళ్ళీ రెక్కల తరం ఒకటి పుట్టి, స్ప్రూసుకు తిరిగొస్తుంది. మొగా ఆడా జంటకట్టడం అక్కడే. ఈ చక్రం పూర్తికావడానికి రెండేళ్ళు. రెండిళ్ళలో రెండు రూపాలు గనక ఒకే పురుగును రెండనుకుని రెండు పేర్లు పెట్టారు పండితులు. 1880లలో జర్మనీలో, రష్యాలో శాస్త్రజ్ఞులు కొమ్మకొమ్మకూ తిరిగి ఈ చిక్కుముడి విప్పారు.

ఇంతకీ ఈ చుట్టరికాలు విప్పితే మనకేం ఒరిగిందీ అనొచ్చు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో 1951లో హెంలాక్ చెట్ల మీద ఒక అడెల్జిడ్ కనిపించింది. సోక్రటీసు తాగిన విషం హెంలాక్ వేరే, అది చిన్న మొక్క. ఇది నూరేసి అడుగుల చెట్టు, కొండవాగులకు గొడుగు పట్టే చెట్టు. పురుగు జపాను నుంచి నర్సరీ మొక్కలతో వచ్చింది. సూదాకుల మొదట్లో దూదిపింజలు అంటించినట్టు తెల్లగా ఉంటుంది. జపానులో ఆ చెట్లు దానికి తట్టుకుంటాయి, దాన్ని తినే పురుగులూ ఉన్నాయి. అమెరికాలో చెట్టుకు తట్టుకునే శక్తి లేదు, తినేవాడూ లేడు. విచిత్రమేమిటంటే అక్కడ దానికి పుట్టిల్లూ లేదు. జపాను స్ప్రూసు కోసం రెక్కల తరం ఎగిరి వెళ్ళి, నచ్చే స్ప్రూసు దొరక్క చచ్చిపోతుంది. అయినా ఏమయింది? మెట్టినింట్లోనే ఉండిపోయిన ఆడవి మొగతోడు లేకుండా కంటూ పోయాయి. షెనాండోవా లోయ పక్క కొండల్లో హెంలాకులు ఇంచుమించు తుడిచిపెట్టుకుపోయాయి. 2002లో అది స్మోకీ పర్వతాలకు చేరింది.

ఆ స్మోకీ పర్వతాల్లోనే ఫ్రేజర్ ఫర్ అనే చెట్టు ఉంది. దాన్ని యూరప్ నుంచి వచ్చిన ఇంకో అడెల్జిడ్ పట్టింది. నార్త్ కరొలైనాలో మిచెల్ కొండమీద 1957లో బయటపడింది. పాతికేళ్ళు తిరిగేసరికి ఆ కొండల మీది పెద్ద ఫర్లు చాలా భాగం ఎండి తెల్లటి మోళ్ళయ్యాయి. ఆ ఫ్రేజర్ ఫర్ పిల్లల్నే తోటల్లో పెంచి క్రిస్మస్ చెట్లుగా అమ్ముతారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళూ పిల్లల ముచ్చట కోసం కొంటున్నారు. మా బంధువులమ్మాయి ఒకామె కిందటి డిసెంబరులో ఫోను చేసి, "పిన్నీ, చెట్టు తెచ్చి నాలుగు రోజులయింది, ఇల్లంతా చిన్న చిన్న సాలీళ్ళు" అని ఒకటే గోల. సాలీళ్ళు కావవి, సినారా పేనుబంకలు. చలికి ముడుచుకున్నవి ఇంట్లో వెచ్చదనానికి వసంతం వచ్చిందనుకుని లేచి నడకకు బయల్దేరతాయి. మనుషుల్ని కుట్టవు, ఇంట్లో మొక్కల్ని తినవు. ఆ చెట్టే వాటి అన్నం. అది ఎండితే వాటికి అన్నం లేదు. చీపురుతో తుడిస్తే మరక పడుతుంది, గుడ్డతో నలపకుండా ఎత్తి పారెయ్యమన్నాను.

ఆఫ్రికా కథ ఇంతకంటే పెద్దది. 1986లో మలావీలో, 1990 నాటికి కెన్యాలో, కలప కోసం నాటిన సైప్రస్ తోటలు ఎర్రబడి మాడిపోవడం మొదలయింది. సైప్రస్ సినారా అది. తోటలకు తోటలు పోయాయి. కలపా కట్టెలూ నమ్ముకున్న ఊళ్ళు దెబ్బతిన్నాయి. మొదట దాన్ని యూరప్‌లో తెలిసిన ఒక పాత జాతి అనుకున్నారు. పరీక్షగా చూస్తే అది వేరు, గ్రీసు తూర్పు భాగం నుంచి ఇరాన్ దాకా ఉన్న సైప్రస్‌లది. దానికి సొంత పేరు 1999లో గాని రాలేదు. దాని ఒంట్లో గుడ్డు పెట్టి చంపే చిన్న కందిరీగను తెచ్చి 1990లలో వదిలారు. చూశారా, పురుగు పేరు తెలిస్తేనే దాని పుట్టిల్లు తెలుస్తుంది. పుట్టిల్లు తెలిస్తేనే దాని శత్రువు ఎక్కడున్నాడో తెలుస్తుంది. 1918లో లాహోరు పేనుబంకల జాబితా అచ్చువేసిన బశంబర్ దాస్, 1980లో ఈశాన్య భారతం, భూటాన్ పేనుబంకల మీద పెద్ద గ్రంథం వెలువరించిన కలకత్తా ఆచార్యుడు రాయ్‌చౌధురి, చెట్టుచెట్టుకూ తిరిగి ఏ పురుగు దేనిమీదుందో రాసుకున్నారంటే పనిలేక కాదు.

గార్ల రైతులకు ఈ సంగతి పుస్తకాలు చెప్పక్కర్లేదు. గార్ల, డోర్నకల్లు, మహబూబాబాదు చుట్టుపక్కలన్నీ మిరపతోటలు. 2021లో ఆ తోటల్లో పూతకు కొత్త పురుగు తగిలింది. పేనుబంక కాదు, రసం పీల్చే నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మనదేశంలో మొదట 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిందని రాశారు. ఆరేళ్ళలో అది మిరప పువ్వులో దూరింది. పూత రాలిపోయింది, కాయ వంకర తిరిగింది. మందుమీద మందు కొట్టి, కౌలూ కూలీ చేతినుంచి పోగొట్టుకుని, చివరికి ఎందరో రైతులు తోటలు పీకేసుకున్నారు. అప్పుచేసి పెట్టిన చేను పచ్చగా ఉండగానే పీక్కోవడమంటే ఆ ఇంటి ఆడవాళ్ళ కళ్ళల్లో చూడాలి. మందు ఎక్కువయ్యేకొద్దీ ముందు చచ్చేది పురుగును తినే పురుగులేనని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. చిక్కుడుపాదు మీద ఎర్రగా చుక్కలతో తిరిగే అక్షింతల పురుగు అలాంటిదే. పిల్లలు అరచేతిలో పెట్టుకుని ఆడతారే, అదే. పేనుబంక మీద అది తిరుగుతుంటే మందు జోలికి పోకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

ఇంతా చెప్పి తెలుగిళ్ళలో కోనిఫర్ లేదని ముగిస్తే అబద్ధమవుతుంది. వాకిలికి రెండు పక్కలా ద్వారపాలకుల్లా పెట్టుకునే మోర్‌పంఖి ఉందే, విసనకర్రల్లాంటి చదును రెమ్మలది, థూజా అని నర్సరీవాళ్ళు అంటారు, అది అచ్చమైన కోనిఫరే. చైనా వైపు నుంచి వచ్చింది. దానికీ ఒక సినారా ఉంది. గోధుమరంగు ఒంటిమీద బూడిద పూసుకున్నట్టుంటుంది. చలికాలంలో లోపలి కొమ్మల బెరడుకు అంటుకుని కూర్చుంటుంది. ఎండలు ముదిరితే కిందికి దిగి వేళ్ళు పట్టుకుంటుంది. అందుకే వేసవిలో చెట్టు పైకి శుభ్రంగా ఉండి కూడా ఎండుతూ ఉంటుంది. నీళ్ళు చాలలేదని ఇంకా పోస్తూ ఉంటాం. కొనేటప్పుడే పైపై పచ్చదనం చూసి మోసపోకుండా, రెమ్మలు విడదీసి లోపలి కాండం చూడండి. మొదట్లోంచి చీమలు బారుకట్టి ఎక్కుతున్నా, కింది ఆకులు మసి పూసినట్టు నల్లబడినా, ఆ కుండీ అక్కడే పెట్టేసి పక్కది అడగండి.